పైన ఎండకు లెక్కెక్కడిది?

మొన్నటి మే నెలలో మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ప్రపంచ పటం పెట్టారు. 2070 నాటికి మనుషులు బతకడానికి పనికిరాకుండా పోయే చోట్లన్నీ అందులో ఎర్రగా ఉన్నాయి. వేళ్లతో జరిపి పెద్దది చేసి చూస్తే మన గోదావరి లోయంతా ఎరుపే. మా ఊరు గోదావరిఖని ఆ ఎరుపులో ఎక్కడో కలిసిపోయింది.

డల్లాస్‌లో ఉన్నవాడు అడిగాడు: "అరేయ్, మార్కండేయ కాలనీల ప్లాటు అమ్మెయ్యాల్నా ఏంది?" ఖనిలోనే ఉండి జిరాక్స్ షాపు నడుపుకునే దోస్తు జవాబు పెట్టాడు: "మీకు 2070. మేం పొద్దుగాల పదకొండు కొట్టంగనే అండ్ల ఉన్నం." అందరం నవ్వే బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను, హైదరాబాదులో ఏసీ గదిలో కూచుని.

ఆ రాత్రి ఆ పటం వెనకున్న పరిశోధనల్ని వెతికి చదివాను. నేను శాస్త్రవేత్తను కాను. బీటెక్ చదివి డేటా పైపులైన్లు రాసుకుని బతికేవాణ్ని. కానీ సగటు ఎట్లా తీస్తారో, తీసేటప్పుడు ఏం జారిపోతుందో నా ఉద్యోగం నాకు నేర్పింది. ఆ చదువుతోనే ఈ తగాదా పెట్టుకుంటున్నాను. వాతావరణం మారుతోందనడంలో నాకు అనుమానం లేదు. ఆ పేపర్ల లెక్కలు తప్పని కూడా అనడం లేదు. నా తగాదా అంతా వాళ్లు అడిగిన ప్రశ్నతో, దాన్ని మనం అట్లాగే భుజానికెత్తుకుని తిరగడంతో. "ఈ చోటు బతకడానికి పనికొస్తుందా?" అనే ప్రశ్న మా ఊళ్లో పనికిరాని ప్రశ్న.

ముందు వాళ్లేమన్నారో న్యాయంగా చెప్పాలి. 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి ఒంటికి ఒక హద్దు గీశారు: వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. అది కొన్ని గంటలు దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూచున్నా, ఎన్ని నీళ్లు తాగినా ఒళ్లు చల్లబడదన్నారు. 2020లో షు, లెంటన్, షెఫర్ బృందం ఇంకో దారి పట్టింది. ఆరు వేల ఏళ్లుగా మనుషులు ఎక్కువగా ఏ సగటు ఉష్ణోగ్రతలో కుదురుకున్నారో చూసింది. ఏడాది సగటు 29 డిగ్రీలు దాటిన నేల ఇప్పుడు భూమ్మీద ఒక శాతం కూడా లేదు, ఉన్నదీ ఎక్కువగా సహారాలోనే. 2023లో లెంటనే మరికొందరితో కలిసి తలలు లెక్కపెట్టాడు. ఇప్పటి విధానాలే సాగి ఈ శతాబ్దం చివరికి భూమి 2.7 డిగ్రీలు వేడెక్కితే, సుమారు 200 కోట్ల మంది ఆ 29 గీత అవతల పడతారు. అందులో మన దేశం వాళ్లే 60 కోట్లకు పైన. అన్ని దేశాల్లోకీ మన వంతే పెద్దది.

జాగ్రత్తగా చదివితే ఆ పేపర్లు "ఇక్కడ బతకలేరు" అని ఎక్కడా తీర్పు చెప్పవు. ఇన్నాళ్లూ మనుషులు పెద్దగా కుదురుకోని వేడి అది, అంటాయి. పటం పేపరులోంచి పత్రికలోకి, పత్రికలోంచి వాట్సాపులోకి వచ్చేసరికి అది "పనికిరాని నేల" అయిపోయింది. మా దోస్తు ప్లాటు రేటు దాకా పోయింది.

*

ఈ వెట్ బల్బ్ అంటే ఏమిటో మా బాపుకు చెబుదామని ఫోను చేశాను. బాపు ఫిల్లర్‌గా బాయిలో దిగి, తట్టా చెమ్మస్ మోసి, నడుం పోయాక వెంటిలేషన్ సెక్షన్‌లో హెల్పర్‌గా పడి, అక్కడే రిటైరయ్యాడు. నేను నా చదువంతా పెట్టి మొదలుపెట్టాను: థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే నీళ్లు ఆవిరవుతూ వేడిని గుంజుకుపోతాయి, పాదరసం ఎంత దాకా దిగి ఆగుతుందో అదే వెట్ బల్బ్. మన ఒళ్లూ చెమటతో అట్లాగే చల్లబడుతుంది. మన ఇంట్లో కూలర్ మే నెలలో గదిని చల్లగా చేస్తుంది, జూన్‌లో రెండు వానలు పడ్డాక అదే కూలర్ ఉక్క పోయిస్తుంది కదా, గాల్లో తడి పెరిగితే చెమట కూడా అట్లాగే పనిచేయదు, అని.

బాపు అంతా విని అన్నాడు: "వర్లింగ్ గాదు బిడ్డా అది? నేను తిప్పిన్నా ఎన్నేండ్లో!"

నిజమే. వర్లింగ్ హైగ్రోమీటర్. రెండు థర్మామీటర్లు ఒక చట్రంలో పక్కపక్కన ఉంటాయి, ఒకదానికి తడిగుడ్డ. పిడి పట్టుకుని జాతరలో పిల్లలు గిరగిర తిప్పే బొమ్మలాగా తిప్పి, ఆపి, రెండు అంకెలూ చదవాలి. ఆఫీసరు ముందు నడుస్తుంటే బాపు దాన్ని మోసుకుపోయేవాడు. ఆఫీసరు చదివి పుస్తకంలో రాసుకునేవాడు. నేను 2010 నాటి కొత్త విషయమని చెప్పబోయింది మా ఇంట్లో మా బాపు చేతిలో నేను పుట్టకముందు నుంచే తిరుగుతోంది.

చేతిలోనే కాదు, చట్టంలోనూ ఉంది. కోల్ మైన్స్ రెగ్యులేషన్స్, 1957. వెంటిలేషన్ మీద రాసిన నియమంలో ఇట్లా చెబుతుంది: భూగర్భంలో మనిషి పనిచేసే ఏ చోటైనా వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే అక్కడికి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేలా ఏర్పాటు చేయాలి. 2017లో ఆ పాత రెగ్యులేషన్స్ పోయి కొత్తవి వచ్చినా ఈ అంకెలు పోలేదు.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. షెర్‌వుడ్, హ్యూబర్‌ల 35 చావు హద్దు. దాని మీద ఎవరికీ ఏ బాధ్యతా లేదు, అది ప్రకృతి గీసిన గీత. గని చట్టంలో 30.5 పని హద్దు. అది దాటగానే ఫలానా మేనేజరు ఫలానా పని చేయాలి, చేయకపోతే తప్పు అతనిది. 2022లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్ని గదిలో పెట్టి పరీక్షించి, 35 చాలా ఎక్కువ, తేమ ఉన్న వేడిలో 30, 31 దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలవుతోందని చెప్పారు. అరవై ఐదేళ్ల ముందటి గని చట్టంలో ఉన్న అంకె దగ్గరికే వచ్చి ఆగారు. యాదృచ్ఛికం కావచ్చు. కానీ బాయిలో పని చేయించుకోవడానికి మనిషి ఒంటి హద్దు ఎవరికో ఒకరికి అప్పుడే తెలియాల్సి వచ్చిందన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఆ చట్టం అడిగిన ప్రశ్న ఇంకా ముఖ్యం. "ఈ గని మనిషికి పనికొస్తుందా?" అని అది అడగలేదు. పనికొచ్చే గని అంటూ ఏదీ లేదు. వంద మీటర్ల కింద, గాలి లేని చీకట్లో, రాతి వేడిలో, నీటి చెమ్మలో ప్రకృతి లెక్కన మనిషి ఒక్క షిఫ్టు కూడా బతకకూడదు. గాలి పంపిస్తేనే బతుకుతాడు. కాబట్టి చట్టం అడిగింది: "గాలి ఎవరు పంపాలి? ఎంత పంపాలి? ఎవరు కొలవాలి? ఎక్కడ రాయాలి?" నివాసయోగ్యత మీద నాకు తెలిసినంతలో అతి నిజాయితీ అయిన ప్రశ్నలు ఇవి.

బాయిని నేను బంగారం చేయడం లేదు. కాగితం మీది చట్టం వేరు, బాయిలో నడిచే చట్టం వేరు. 2003 జూన్ 16న మా ఊరి 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నీటికీ నియమాలున్నాయి. అయినా నియమం ఉంటే యూనియన్ అడగగలదు, ఎంక్వయిరీలో ఫలానాది ఎందుకు చేయలేదని నిలదీయగలదు. నియమమే లేనిచోట అడగడానికి మాట కూడా దొరకదు.

ఫోనులో బాపు చివరికి అన్న మాటే నా తగాదాకు మూలం: "బాయిల ఉడుకుకు లెక్కుంటది బిడ్డా. పైన ఎండకు లెక్కెక్కడిది?"

*

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు నలభై వేల చుట్టూ. ఉత్పత్తి మాత్రం పెరిగి ఏడాదికి ఏడు కోట్ల టన్నుల దాకా పోయింది. ఈ గారడీ పేరు ఓపెన్‌కాస్ట్. ఇన్‌క్లైన్లు ఒకటొకటిగా మూతపడుతుంటే, ఊరి చుట్టూ ఓసీపీలు తెరుచుకున్నాయి. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం పైనుంచి తవ్వి తీసేదే. మట్టి తీసే పని, అంటే ఓబీ, ఎక్కువగా కాంట్రాక్టు.

అంటే మనిషి కిందినుంచి పైకొచ్చాడు. ఉక్క పోయి ఎండ వచ్చింది. వర్లింగ్ మాత్రం కిందనే ఉండిపోయింది.

ఓపెన్‌కాస్టు గుంత చూడనివాళ్ల కోసం చెబుతాను. మెట్లు మెట్లుగా దిగే రాతి గోడలు. అడుగున నల్లటి బొగ్గు. గోడలు గాలిని ఆపుతాయి, బొగ్గు ఎండను తాగుతుంది, చెట్టు నీడ అన్న మాటే లేదు. పెద్ద డంపర్ల, షావెళ్ల క్యాబిన్లలో కొన్నిటికి ఏసీలుంటాయి. కానీ గుంతలో యంత్రాలొక్కటే ఉండవు. పైపు మార్చేవాడు, డ్రిల్లు దగ్గర నిలబడేవాడు, పేలుడు మందు నింపేవాడు, రోడ్డు మీద జెండా పట్టుకునేవాడు, లారీ మీదికెక్కి తాటిపత్రి కట్టేవాడు ఉంటారు. వేసవిలో మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇస్తారు, షిఫ్టు వేళలు జరుపుతారు. మంచిదే. కానీ మజ్జిగ దయ. 33.5 హక్కు. వెంటిలేషన్ అధ్యాయంలో భూగర్భానికి రాసిన ఆ నియమంలో, ఎండలో నిలబడే మనిషికి ఏ గీతా లేదు. సూర్యుణ్ని వెంటిలేషన్ అధ్యాయంలో ఎవరు రాస్తారు?

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. మే నెలలో ఖని ఎండ పొడి ఎండ. 44, 45 డిగ్రీలున్నా గాల్లో తడి తక్కువ కాబట్టి వెట్ బల్బ్ చాలాసార్లు 30 లోపే ఉంటుంది. కింది అంకెను పైకి తెచ్చి పెడితే, "అంతా బాగుంది, పని కానివ్వండి" అని వస్తుంది కదా?

వస్తుంది. అందుకే అదే అంకెను తేవాలని అనడం లేదు, అదే పద్ధతిని తేవాలంటున్నాను. పెన్ స్టేట్ వాళ్లే, పొడి వేడిలో వెట్ బల్బ్ 25 నుంచి 28 మధ్యనే ఒళ్లు చేతులెత్తేస్తోందని చెప్పారు. చెమట ఎంత పట్టినా వేడి గాలి, ఎండ ఒంటికిచ్చే వేడిని అది మోయలేదు. ఎండను కూడా కలుపుకునే కొలత డబ్ల్యూబీజీటీ: వెట్ బల్బ్‌కు 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళం లోపలి వేడికి 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకు 10 శాతం. ఇదేమీ కొత్త పరికరం కాదు. అమెరికా సైన్యం శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకు పడిపోతుంటే యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు దీన్ని తయారుచేసి ప్రకటించారు. ఏ సంవత్సరమో తెలుసా? 1957. మన గని రెగ్యులేషన్స్ వచ్చిన ఏడాదే. అంటే ఎండను కొలిచే పరికరమూ, ఉక్కను ఆపే చట్టమూ ఒకే వయసువి. రెండోది మాకు ఇచ్చారు, బొగ్గు కింద ఉన్నన్నాళ్లు. బొగ్గు పైకి వచ్చాక మొదటిది ఇవ్వడానికి ఎవరికీ తీరలేదు.

*

ఇప్పుడు పటం దగ్గరికి వస్తాను. ప్రపంచ వాతావరణ నమూనాల్లో భూమిని గళ్లుగా కోస్తారు. ఒక్కో గడి పదుల కిలోమీటర్ల పొడవుంటుంది. రామగుండం, ఖని, ఎన్టీపీసీ టౌన్‌షిప్, యైటింక్లైన్ కాలనీ, ఓసీపీలు, ఎల్లంపల్లి నీళ్లు, అన్నీ కలిసి ఒకటో రెండో గళ్లు. ఆ గడికి ఒక అంకె, ఆ అంకెకు ఒక రంగు.

నా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇట్లాంటి తప్పు చేస్తే కోడ్ రివ్యూలో ఆపుతాం. సగటు తీసేముందు గ్రూపు చేయాలి కదమ్మా, అంటాం. ఆ ఒక్క గడిలో కంపెనీ క్వార్టరుంది, అందులో కంపెనీ కరెంటు, గోదావరి నుంచి పంపు చేసిన నీళ్లు, జబ్బు చేస్తే కంపెనీ ఆస్పత్రి. ఆ క్వార్టరు గోడకానుకుని రేకుల గదుల వరస ఉంది, అందులో కాంట్రాక్టు వాళ్లు కిరాయికుంటారు. గాల్లో ఉష్ణోగ్రత ఇద్దరికీ ఒకటే. రాత్రి రెండింటికి ఒకరు నిద్రపోతుంటారు, ఇంకొకరు రేకు చల్లబడక వాకిట్లో మంచం వేసుకుని దోమలు కొట్టుకుంటుంటారు. పొద్దున ఇద్దరికీ ఫస్ట్ షిఫ్టే. నిద్రపోనివాడి ఒంటి మీద మర్నాటి ఎండ నిన్నటి ఎండతో కలిసి పడుతుంది. వేడికి చచ్చేది ఒక మధ్యాహ్నం వల్ల తక్కువ, వరసగా కొన్ని రాత్రుల వల్ల ఎక్కువ. ఏ రంగు వేస్తారు ఆ గడికి?

మా ఇంటి వెనక రేకుల గదిలో ఉండే ఒకాయన ఒక కాంట్రాక్టరు కింద రోడ్డు పని చేసేవాడు. నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, మేం బావా అని పిలుచుకుంటాం. ఒక మే నెలలో మధ్యాహ్నం రెండింటికి తారు పని మీద పడిపోయాడు. బతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిని ఏడాది దాకా పనికి పోలేదు. కాంట్రాక్టరు అడిగినవాళ్లకు చెప్పిన మాట: "పని మీద పడలే, ఇంటికాడ పడ్డడు." ఇంటికాడ, పనికాడ అన్న తేడా మీద ఒక మనిషి ఏడాది జీతం ఉంది. ఆ రోజు ఆ రోడ్డు మీద ఎంత వేడి ఉందో ఎవరూ కొలవలేదు, ఎక్కడా రాయలేదు. బాయిలో అయితే ఒక పుస్తకం ఉండేది.

*

"ఎండలు మనకు కొత్తనా? మా తాతలు బతకలేదా?" అనేవాళ్లు మా ఊళ్లో కొల్లలు. రామగుండం పేరు రేడియోలో, టీవీలో ప్రతి ఎండాకాలం వినడం మాకు కొంచెం గర్వం కూడా. చిన్నప్పుడు మా ఊరు ఫస్టొచ్చిందని బడిలో చెప్పుకునేవాళ్లం. ఈ గర్వంతో కూడా నాకు పేచీ ఉంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. చచ్చిపోయినవాళ్లకు కూడా ఎండలు కొత్త కాదు. తాతలు బతికారు నిజమే, మట్టిగోడల ఇంట్లో, మధ్యాహ్నం పని ఆపుకునే స్వేచ్ఛతో. మనవడు రేకు కింద, షిఫ్టు కింద, కాంట్రాక్టు కింద ఉన్నాడు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పుల్ని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బకు చనిపోతే నాలుగు లక్షల పరిహారం అన్నది. స్వాగతించాల్సిందే. కానీ వరస చూడండి: చనిపోయాక ధర ఉంది, చనిపోకముందు గీత లేదు. ఏ అంకె దగ్గర పని ఆపాలో, ఆపితే ఆ గంటల కూలి ఎవరివ్వాలో చెప్పని విపత్తు చట్టం శవానికి మాత్రమే వర్తిస్తుంది.

*

ఇక మాట గురించి. సాహిత్య పత్రిక కాబట్టి మాట గురించి మాట్లాడుకునే హక్కు మనకుంది. "నివాసయోగ్యం" అనే సంస్కృత సమాసంలో పరీక్ష రాయాల్సింది నేల. యోగ్యత ఉందా లేదా అన్నది నేల గుణం. మా దగ్గర ఎవరూ అట్లా అనరు. "ఈడ బతకొస్తదా?" అంటారు. అందులో బతికే మనిషి ఉన్నాడు, బతకనిచ్చే, బతకనివ్వని ఇంకెవరో కూడా ఉన్నారు. ఈ రెండు మాటల మధ్య తేడా బెల్లంపల్లి పోయి చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు గనులతో, ఆఫీసులతో కిటకిటలాడిన ఊరు. గనులు మూతపడ్డాయి, ఉద్యోగాలు వేరే ఏరియాలకు పోయాయి, వాటి వెనకే మనుషులు పోయారు. ఏ వెట్ బల్బూ 35 దాటలేదు. ఓపెన్‌కాస్టు కింద పోయిన పల్లెలూ అంతే. అక్కడ బ్లాస్టింగుకు గోడలు పగిలి, బావులు ఎండి, చివరికి ఊరే లేవాల్సి వచ్చింది. వాళ్లెవరూ ఏ వాతావరణ శరణార్థుల లెక్కలోనూ లేరు. చోట్లు పనికిరాకుండా పోవడం మా దగ్గర ఎప్పుడూ ఎవరిదో ఒకరి సంతకంతోనే జరిగింది.

అందుకే పటం నన్ను భయపెడుతుంది. "ఆ ప్రాంతం ఎట్లాగూ పనికిరాదట" అన్న మాట ఒకసారి స్థిరపడితే, రేపు బొగ్గు అయిపోయాక ఆస్పత్రి ఎందుకు, నీళ్ల పైపు ఎందుకు, కరెంటు సబ్సిడీ ఎందుకు అని అడగడం తేలిక. క్వార్టరును బతకొచ్చే చోటుగా ఉంచుతున్నది కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు. గని మూసిన రోజున అవి ఆగితే, వాతావరణం ఒక్క డిగ్రీ మారకుండానే ఊరు ఎర్రబడుతుంది. తప్పు మాత్రం సూర్యుడి మీదికి పోతుంది. కరెంటు భవిష్యత్తు గురించి మా ఊళ్లో ప్రణాళికలకు కొదవ లేదు. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ పక్కనే ఇంకో 1600 లేచాయి. రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. మెగావాట్లకు రేపటి ప్లాను ఉంది. మనుషులకు మాత్రం పటం ఉంది.

మన సాహిత్యాన్నీ వదలను. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చందు లాంటివాళ్లు ఈ బొగ్గు నేల మీద నిలబడి రాయకపోతే బాయి లోపలి బతుకు తెలుగుకు ఇంతగా తెలిసేది కాదు. కానీ ఆ తరం చూసిన కార్మికుడు ఎక్కువగా కిందికి దిగేవాడు. పైన, ఎండలో, మస్టరు లేని కాంట్రాక్టు మనిషి కథ ఇంకా ఆ స్థాయిలో రాలేదని నా అభిప్రాయం. మరోపక్క ఈ మధ్య వస్తున్న వాతావరణ కవిత్వంలో భూమి తల్లి కన్నీళ్లు, ధ్రువపు ఎలుగుబంట్లు తగినన్ని ఉన్నాయి. రేకు కింద రాత్రి రెండు గంటలు లేదు. కవులారా, ఎలుగుబంటి మీద నాకు కోపం లేదు. వాకిట్లో మంచం మీద కూచున్న మనిషిని కూడా ఒకసారి చూడమంటున్నాను.

*

నా చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పుకోను. నా బీటెక్ ఫీజు బొగ్గే కట్టింది. నా ఆఫీసు ఏసీ, నేను నడిపే సర్వర్లు ఎక్కువగా బొగ్గు కరెంటు మీదనే నడుస్తాయి. భూమి వేడెక్కడంలో మా ఊరి పొగగొట్టాల వాటా చిన్నది కాదు. బొగ్గు ఎప్పటికీ తవ్వుతూనే ఉండాలని నేను అనను. కానీ ఆ కరెంటుతో చల్లబడినవాడిని నేను, దాన్ని తవ్వుతూ ఎండినవాడు అతను. అతని ఊరు పనికిరాదని నేను చల్లని గదిలోంచి పటం పంపడంలో ఒక సిగ్గులేనితనం ఉంది.

కాబట్టి అడగాల్సినవి ఇవి. ప్రతి ఓపెన్‌కాస్టులో, అడ్డా కూలీలు నిలబడే చౌరస్తాలో, రేకుల వాడల్లో రాత్రిపూట కూడా డబ్ల్యూబీజీటీ కొలవండి. గని గేటు దగ్గర ఈ రోజు టార్గెటెంత, తీసిందెంత అని రాసే బోర్డు మీద ఆ అంకె కూడా రాయండి. ఏ అంకె దాటితే పని నెమ్మదించాలో, ఏ అంకె దాటితే ఆగాలో చట్టంలో పెట్టండి. ఆగిన గంటలకు కాంట్రాక్టు మనిషికి కూడా కూలి కట్టివ్వండి. కూలి లేని విశ్రాంతిని ఎవరూ తీసుకోరు. "ఇట్లయితే గనులు నడుస్తయా?" అనే యూనియన్ పెద్దలకు ఒక్క మాట: 33.5 రాసినప్పుడు కూడా ఎవరో ఒకరు ఇదే అని ఉంటారు. గనులు నడిచాయి.

పరిశోధకులకు ఇంకో మాట. మీరు అరవై ఏళ్ల తర్వాతి సగటు కోసం సూపర్ కంప్యూటర్లు నడుపుతున్నారు. ఇక్కడ మస్టరు రిజిస్టర్లున్నాయి, ఏ ఎండాకాలం ఏ షిఫ్టులో ఎంతమంది రాలేదో అందులో ఉంటుంది. డిస్పెన్సరీ పుస్తకాలున్నాయి. వెంటిలేషన్ పుస్తకాలున్నాయి. పేర్లు తీసేసి వాటిని తెరిపించండి. పర్మినెంటు వేరు, కాంట్రాక్టు వేరు, రేకు వేరు, స్లాబు వేరు, పగలు వేరు, రాత్రి వేరు చేసి చూడండి. అప్పుడు పటం గీయండి, నేనే గ్రూపులో పెడతాను.

డల్లాస్ దోస్తుకు ఆ రోజు జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. ప్లాటు అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం రా. కానీ ఆ ప్లాటు పక్కన రేకుల గది ఒకటి ఉంటది, నిరుడు మనం పోయినప్పుడు నీళ్లడిగి తాగినం చూడు, ఆ గది. దాని లోపల రాత్రి రెండింటికి ఎంత ఉడుకుంటదో ఎవరూ కొలవలేదు. వచ్చే ఎండాకాలం వస్తే ఇద్దరం పోయి కొలుద్దాం. వర్లింగ్ ఎట్లా తిప్పాలో బాపు చూపిస్తానన్నాడు.